ప్రాసెసర్ మూత కింద ఆగిపోయే వేడి: చెన్నై ఎండల్లో డీలిడ్ చేసే పద్ధతి

మీ సిస్టమ్‌లో ఉన్నది ఇంటెల్ 3770కె, 4770కె, 4790కె, 6700కె, 7700కె, 8700కె, వీటిలో ఒకటైతే, పైనున్న లోహపు మూత తీసి (దీన్నే డీలిడ్ అంటారు) లోపల వేడిని దాటించే పేస్ట్ మారిస్తే ఫుల్ లోడ్‌లో వేడి 15 నుంచి 20 డిగ్రీల దాకా తగ్గే అవకాశం ఉంది. అదే 9900కె గానీ, ఆ తర్వాత వచ్చిన కె మోడల్ (క్లాక్, అంటే చిప్ నడిచే వేగం, పెంచుకునే వీలున్న రకం) గానీ, మామూలు డెస్క్‌టాప్ ఏఎండీ రైజెన్ గానీ అయితే లోపల పేస్ట్ ఉండదు, ఇండియం అనే లోహం కరిగించి అతికించి (సోల్డర్ చేసి) ఉంటుంది. వాటిని ఇంట్లో కదిలిస్తే వచ్చే లాభం తక్కువ, ప్రాసెసర్ పోయే ప్రమాదం ఎక్కువ. మీది ఏ రకమో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పనిలోకి దిగండి.

మాది నెల్లూరు జిల్లా. చెన్నై చింతాద్రిపేటలో కంప్యూటర్ సర్వీస్ షాపు నడుపుతున్నాను, ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ నడిచి వెళ్లే దూరం. ఏప్రిల్ వచ్చిందంటే మా బల్ల మీద ఒకే రకం కేసులు వరస కడతాయి. రెండరింగ్ మధ్యలో స్పీడు పడిపోతోంది, ఫ్యాన్ గోల పెడుతోంది, పేస్ట్ మార్చినా తేడా లేదు. ఇక్కడ వాళ్లు అగ్ని నక్షత్రం అంటారు, మనం రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటాం. రెండూ మే నెలలోనే వచ్చి పడతాయి. ఎంత పెద్ద కూలరైనా గదిలో గాలి కన్నా చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. గది 24 డిగ్రీలున్నప్పుడు 80 చూపించే కోర్, గది 36కి వెళ్లాక అదే పనికి దాదాపు 92 చూపిస్తుంది. ఈ చిప్‌లలో చాలావాటికి 100 దగ్గర త్రాట్లింగ్ (వేడికి చిప్ తనే స్పీడు తగ్గించుకోవడం) మొదలవుతుంది కాబట్టి బెంగళూరులో హాయిగా నడిచే సిస్టమ్ ఇక్కడికి తెస్తే మే నెలలో ఆయాసపడుతుంది. ఆ 12 డిగ్రీలను వాతావరణం నుంచి మనం తగ్గించలేం. మూత కింద వృథాగా ఆగిపోయే డిగ్రీలను మాత్రం తగ్గించుకోవచ్చు.

వడపళనిలో డబ్బింగ్, ఎడిటింగ్ పనులు చేసుకునే ఒంగోలు అబ్బాయి ఒకడు నా దగ్గరకు వస్తుంటాడు. మేడ మీద ఒంటి గది, పైన రోజంతా ఎండ. 7700కె, దాని మీద మంచి టవర్ కూలర్. వీడియో ఎక్స్‌పోర్ట్‌కు పెట్టగానే 97, 98 డిగ్రీలు. అతను అడిగిన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే.

"అన్నా, మూత తీస్తే ప్రాసెసర్ పోదా?"

"పోవచ్చు తమ్ముడూ. టూల్ సరిగా వాడితే పోయే అవకాశం తక్కువ. కానీ పోతే తట్టుకోగలవా లేదా అని ముందే అనుకుని రా."

ఎవరికైనా నేను చెప్పేది ఇదే. ఆ సిస్టమ్ మీదే బతుకుతెరువు ఉండి, ఇంకో ప్రాసెసర్ కొనే వీలు లేకపోతే, ముందు క్లాక్ కాస్త తగ్గించి, వోల్టేజ్ తగ్గించి నడుపుకోండి. అదీ మంచి పరిష్కారమే.

అసలు వేడి ఎక్కడ ఆగుతోంది

ప్రాసెసర్ అని మనం చేత్తో పట్టుకునే దానిలో పైన కనిపించే వెండి రంగు లోహపు పలక అసలు చిప్ కాదు. అది హీట్ స్ప్రెడర్, అంటే నికెల్ పూత వేసిన రాగి మూత. దాని కింద ఆకుపచ్చ బోర్డు మీద చిన్న సిలికాన్ ముక్క ఉంటుంది, దాన్నే డై అంటారు. వేడి పుట్టేది డైలో. అక్కడి నుంచి మధ్యలో ఉన్న పదార్థం ద్వారా మూతకు, మూత నుంచి పై పేస్ట్ ద్వారా కూలర్‌కు చేరాలి.

2011 నాటి శాండీ బ్రిడ్జ్ తరం దాకా ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ కె చిప్‌లలో డైకి, మూతకు మధ్య సోల్డర్ వాడింది. 2012లో ఐవీ బ్రిడ్జ్ తరం 3770కెతో పేస్ట్‌కు మారింది. 2017 చివర్లో వచ్చిన 8700కె దాకా అదే పద్ధతి. 2018 అక్టోబర్‌లో 9900కెతో మళ్లీ సోల్డర్‌కు వచ్చింది. మధ్యలో వచ్చిన ఆ తరాల చిప్‌లే మన డీలిడ్ పనికి సరైనవి.

చాలామంది లోపలి పేస్ట్ నాసిరకం కాబట్టే వేడి అనుకుంటారు. నా అనుభవంలో పేస్ట్ కన్నా ఎక్కువ నష్టం చేసేది సందు. మూత అంచుల చుట్టూ నల్లటి సిలికాన్ జిగురు ఉంటుంది. ఆ జిగురు మందంగా ఉండడం వల్ల మూత కాస్త పైకి లేచి ఉంటుంది. ఆ ఖాళీని పేస్ట్ నింపాలి. లెక్క వేసి చూడండి. 7700కె డై వైశాల్యం సుమారు 125 చదరపు మిల్లీమీటర్లు. సందు 0.1 మిల్లీమీటర్, అంటే మామూలు జిరాక్స్ కాగితం మందమంత ఉందనుకుందాం. పేస్ట్ వాహకత మీటర్‌కు, డిగ్రీకి 5 వాట్లు అనుకుందాం. 100 వాట్ల వేడి ఆ పొరను దాటాలంటే సుమారు 16 డిగ్రీల తేడా అక్కడే పడుతుంది. సందు రెండింతలైతే 32. అదే పేస్ట్ ఉంచి సందు సగానికి తగ్గిస్తే 8. పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వాడి సందు కూడా తగ్గిస్తే ఆ పొరలో తేడా ఒక డిగ్రీ లోపే. పైన ఎంత ఖరీదైన కూలర్ బిగించినా ఈ 16 డిగ్రీలను అది ముట్టుకోలేదు, ఎందుకంటే నష్టం దాని కన్నా ముందే జరిగిపోయింది.

అందుకే ఈ మొత్తం పనిలో పాత జిగురును పూర్తిగా గీకేయడం అన్నిటికన్నా ముఖ్యమైన భాగం అని నేను నమ్ముతాను. లిక్విడ్ మెటల్ గురించి అందరూ మాట్లాడతారు, జిగురు గురించి ఎవరూ మాట్లాడరు. జిగురు ఉంచేసి లిక్విడ్ మెటల్ పోస్తే, అది సందును నింపలేక మధ్యలో ఖాళీలు మిగిలి, ఒక కోర్ 70, పక్క కోర్ 88 చూపిస్తుంది.

మూత తీసే ముందు

దోషం నిజంగా మూత కిందే ఉందా అని చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (చిప్ వేడి, పవర్ చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి కోర్ టెంపరేచర్లు, ప్యాకేజ్ పవర్ (చిప్ మొత్తం తినే వాట్లు) కనబడేలా పెట్టుకుని, ప్రాసెసర్‌కు ఫుల్ లోడ్ పెట్టే సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల టెస్ట్ నడపండి. మూత కింద అడ్డు ఉన్న చిప్ ఒక ప్రత్యేకమైన తీరు చూపిస్తుంది. టెస్ట్ మొదలైన క్షణంలోనే టెంపరేచర్ 30, 40 డిగ్రీలు ఎగిరిపోతుంది, ఆపగానే అంతే వేగంగా కిందికి పడుతుంది. కోర్లు 95లో ఉన్నా కూలర్ రేకుల (ఫిన్ల) నుంచి వచ్చే గాలి గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది. అంటే వేడి కూలర్ దాకా సరిగా చేరడం లేదు. అదే టెంపరేచర్ నిమిషాల తరబడి మెల్లగా పెరుగుతూ పోయి, ఫిన్లు కూడా కాలుతుంటే, దోషం కూలర్‌లోనో, కేబినెట్‌లో గాలి ఆడకపోవడంలోనో ఉంది. దానికి మూత తీసి లాభం లేదు.

ముందుగా పై పేస్ట్ మార్చండి, కూలర్ నాలుగు వైపులా సమానంగా బిగిసిందో చూడండి, ఫిన్లలో దుమ్ము దులపండి. చెన్నైలో రోడ్డు పక్క ఇళ్లలో ఏడాది వాడిన కూలర్ ఫిన్ల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంటుంది. ఇదంతా చేశాక కూడా పైన చెప్పిన తీరు కనబడితేనే ముందుకు వెళ్లండి. గది ఉష్ణోగ్రత, ఫ్యాన్ స్పీడు, ప్యాకేజ్ పవర్, ఒక్కో కోర్ టెంపరేచర్ కాగితం మీద రాసి పెట్టుకోండి. పని అయ్యాక ఇవే పరిస్థితుల్లో పోల్చకపోతే ఎంత తగ్గిందో తెలియదు. ఉదయం 28 డిగ్రీల్లో కొలిచి మధ్యాహ్నం 36లో పోల్చినవాళ్లు డీలిడ్ పని చేయలేదని అనుకుంటారు.

పాత చిప్ మీద డబ్బు, శ్రమ పెట్టే ముందు ఇంకో సంగతి. 7700కె దాకా వచ్చిన తరాలను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, 8700కెను ఒప్పుకుంటుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెకండ్ హ్యాండ్‌లో కొని డీలిడ్ చేద్దామనుకునేవాళ్లకు నా సలహా 8700కె. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఎడిటింగ్‌కు ఇప్పటికీ పనికొస్తుంది. క్లాక్ పెంచాలంటే జెడ్370 లేదా జెడ్390 బోర్డు ఉండాలి.

కావలసిన సామాన్లు

డీలిడ్ టూల్ కావాలి. దీని విషయంలో రాజీ పడకండి. ఒకప్పుడు రేజర్ బ్లేడుతో అంచు కోసేవారు. ఐవీ బ్రిడ్జ్, హాస్వెల్ (4770కె, 4790కె తరం) బోర్డు కాస్త మందం కాబట్టి జాగ్రత్తగా చేస్తే నడిచేది. స్కైలేక్ 6700కె నుంచి ఆ ఆకుపచ్చ బోర్డు బాగా పలచనైంది. బ్లేడు ఒక్క వెంట్రుకవాసి కిందికి దిగినా లోపలి రాగి గీతలు తెగుతాయి, ఇక చిప్ చెత్తబుట్టలోకే. బెంచ్ వైస్‌లో పెట్టి చెక్కతో కొట్టే పద్ధతీ ఉంది, అదీ వద్దు. మూతను పక్కకు సమానంగా నెట్టే టూల్, ఆలెన్ కీతో తిప్పేది, మీ సాకెట్‌కు తగినది ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఒక్కసారి పనికి కొనడం దండగ అనిపిస్తే నలుగురు కలిసి కొనుక్కోండి.

లిక్విడ్ మెటల్ చిన్న సిరంజి చాలు, ఒక గ్రాముతో చాలా చిప్‌లు చేయొచ్చు. అది గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రమం. గది వేడిలోనే ద్రవంగా ఉంటుంది. దీనికి రెండు గుణాలున్నాయి, రెండూ మరిచిపోకూడదు. కరెంట్‌ను ప్రవహింపజేస్తుంది కాబట్టి బోర్డు మీద ఒక్క చుక్క పడ్డా షార్ట్ అవుతుంది. అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి అల్యూమినియం అడుగున్న కూలర్‌కు, అల్యూమినియం స్కేలుకు, ట్రేకు తగలకూడదు. వేళ్లకున్న ఉంగరాలు తీసి పక్కన పెట్టండి.

మిగతావి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాటన్ బడ్స్, నైట్రైల్ గ్లవ్స్, కాప్టాన్ టేప్ (వేడికి తట్టుకునే టేప్), రంగు లేని నెయిల్ పాలిష్, పాత ఏటీఎం కార్డు. ఆల్కహాల్, కాప్టాన్ టేప్ రిచీ స్ట్రీట్‌లో మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. మూత తిరిగి అంటించడానికి వేడికి తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్ కావాలి. దీని కోసం కంప్యూటర్ షాపుల్లో తిరగకండి. జీపీ రోడ్డులో కార్ల స్పేర్ పార్టులు అమ్మేవాళ్ల దగ్గర ఇంజిన్ గాస్కెట్ సిలికాన్ ట్యూబ్ అడగండి. బెంగళూరులో ఉన్నవాళ్లకైతే ఎస్పీ రోడ్డు పక్కనే ఉన్న జేసీ రోడ్డులో దొరుకుతుంది. ట్యూబ్ మీద న్యూట్రల్ క్యూర్ అని ఉన్నది తీసుకోండి. వెనిగర్ వాసన వేసే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రాగికి మంచిది కాదు.

మూత తీయడం

ప్రాసెసర్ బయటికి తీసే ముందు బయోస్ (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగుల తెర) సెట్టింగులు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. చెన్నై ఉక్కలో స్టాటిక్ తక్కువే అయినా ఏసీ గదిలో పని చేస్తుంటే గాలి పొడిగా ఉంటుంది. రిస్ట్ స్ట్రాప్ ఉంటే కట్టుకోండి, లేదంటే ఎర్త్ ఉన్న సాకెట్‌కు తగిలించి ఉన్న పవర్ సప్లై లోహపు డబ్బాను ముట్టుకుని మొదలుపెట్టండి. మదర్‌బోర్డ్ సాకెట్‌పై వెంటనే ప్లాస్టిక్ మూత పెట్టేయండి. ఆ పిన్నుల మీద ఏదైనా పడితే ప్రాసెసర్ బాగున్నా బోర్డు పోతుంది.

మూత మీద ఉన్న పై పేస్ట్ తుడిచేయండి. ప్రాసెసర్ మూలలో ఉన్న బంగారు రంగు త్రికోణం టూల్ మీది గుర్తుకు సరిపోయేలా పెట్టండి. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం వెచ్చబెడితే జిగురు మెత్తబడుతుంది. చేత్తో పట్టుకోగలిగినంత వెచ్చదనం చాలు. ఆలెన్ కీతో పావు చుట్టు తిప్పి ఆగండి, మళ్లీ పావు చుట్టు. మొదట్లో తేలిగ్గా తిరుగుతుంది, తర్వాత బిగుస్తుంది. ఆ బిగువు దగ్గర చాలామందికి టెన్షన్ వచ్చి ఒక్కసారిగా తిప్పేస్తారు. అక్కడే నిదానం కావాలి. బిగించి కొన్ని సెకన్లు వదిలేస్తే జిగురు తనంతట తానే సాగుతుంది. టక్‌మని చిన్న శబ్దం వచ్చి కీ వదులవుతుంది. మూత ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. అక్కడితో తిప్పడం ఆపండి, ఇంకా నెడితే మూత అంచు లోపలి భాగాలను గీకుతుంది. టూల్ విప్పి మూతను నిటారుగా పైకి ఎత్తండి.

ఎన్నేళ్లుగానో వాడిన చిప్ అయితే లోపలి పేస్ట్ ఎండిపోయి, డై ఆకారంలో దీర్ఘచతురస్రంగా మూతకు అంటుకుని కనిపిస్తుంది. ఆల్కహాల్ తడిపిన కాటన్ బడ్‌తో తుడిచేస్తే డై అద్దంలా మెరుస్తుంది. డైని లోహంతో ముట్టుకోకండి, మూలల్లో నొక్కకండి. సిలికాన్ పెళుసు, మూల చిట్లిందంటే అంతే.

జిగురు గీకడం

ఇక్కడ గంట పట్టినా పట్టనివ్వండి. బోర్డు మీది నల్ల జిగురుకు లోహం వాడకూడదు. ఏటీఎం కార్డు అంచును కాస్త ఏటవాలుగా పట్టి, అంచు నుంచి బయటి వైపుకు నెట్టండి, లోపలికి కాదు. మొదట పెద్ద పట్టీలుగా లేస్తుంది, కింద పలచని పొర మిగులుతుంది. ఆ పలచని పొరే మనకు శత్రువు. చూడ్డానికి బోర్డు రంగులో కలిసిపోతుంది, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే కానీ కనబడదు. వేలి గోరుతో అడ్డంగా రుద్దితే చిన్న చిన్న ఉండల్లా చుట్టుకుని ఊడి వస్తుంది. వేలితో చుట్టూ నిమిరి చూడండి, ఎక్కడా గరుకు తగలకూడదు. మూత అంచున ఉన్న జిగురుకు బ్లేడు వాడొచ్చు, అది లోహమే కాబట్టి చిన్న గీతలు పడ్డా పరవాలేదు. మూత లోపలి మధ్య భాగంలో మాత్రం బ్లేడు పెట్టకండి. అక్కడ నికెల్ పూత పోతే కింది రాగి గాలియాన్ని మెల్లగా పీల్చుకుని, కొన్ని నెలల్లో పొర ఎండిపోయి టెంపరేచర్ మళ్లీ పెరుగుతుంది.

తర్వాత డై చుట్టుపక్కల చూడండి. హాస్వెల్ 4770కె, 4790కె చిప్‌లలో వోల్టేజ్ రెగ్యులేటర్ చిప్ లోపలే ఉంటుంది కాబట్టి డై పక్కన చిన్న చిన్న భాగాలు వరసగా ఉంటాయి. మిగతా తరాల్లోనూ బయటికి కనిపించే లోహపు కాంటాక్టులు ఏవైనా ఉంటే వాటన్నిటి మీద నెయిల్ పాలిష్ పలచగా రెండు పొరలు వేయండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. డై పైకి పాలిష్ పాకకూడదు. మందంగా వేసినా మూతకు తగిలి మళ్లీ సందు పెరుగుతుంది.

లిక్విడ్ మెటల్ రాయడం

డై చుట్టూ కాప్టాన్ టేప్ నాలుగు వైపులా అంటించి, కింద తెల్ల కాగితం పరిచి కూర్చోండి. సిరంజిని ముందు టిష్యూ మీద నొక్కి చూడండి. మొదటి చుక్క ఒక్కసారిగా దూకుతుంది, ఆ దూకేది ప్రాసెసర్ మీద దూకకూడదు. డై మీద ఆవగింజంత చుక్క చాలు.

ఆ చుక్క మొదట అక్కడ నిలవదు. గుండ్రంగా పాదరసంలా దొర్లుతుంటుంది. కాటన్ బడ్‌తో నొక్కితే జారి పక్కకు పోతుంది. కొత్తవాళ్లు అక్కడ కంగారుపడి ఇంకో చుక్క వేస్తారు. వేయకండి. అదే బడ్‌తో చిన్న చిన్న గుండ్రాలుగా ఓపిగ్గా రుద్దుతూ ఉండండి. ఉన్నట్టుండి ఒక మూల పట్టుకుంటుంది, అక్కడి నుంచి బడ్ వెంట పొర పాకుతూ పోతుంది. డై మొత్తం ఒకే మెరుపుతో, ఎక్కడా గుండ్రటి చుక్క నిలబడకుండా కనబడితే సరిపోయింది. మూత లోపల, డై తగిలే చోట అంతే వైశాల్యంలో అలాగే ఇంకో పలచని పొర రాయండి. రెండు వైపులా రాస్తేనే రెండు తడి ఉపరితలాలు కలిసి ఖాళీ లేకుండా అతుక్కుంటాయి. ఎక్కువైందనిపిస్తే ఖాళీ సిరంజితో పీల్చేయండి. టేప్ తీశాక టార్చ్ వేసి బోర్డు అంతా వెతకండి, సూది మొనంత మెరుపు కనబడినా ఆల్కహాల్ బడ్‌తో తీసేయండి.

మూత అంటించడం

సిలికాన్ నాలుగు మూలల్లో నాలుగు చిన్న చుక్కలు, అంతే. కంపెనీ వేసినట్టు చుట్టూ గీయొద్దు. గీస్తే మళ్లీ మొదటికొస్తుంది. జిగురు ఇక్కడ బరువు మోయడానికి కాదు, మూత జారకుండా పట్టుకోవడానికి. నొక్కి ఉంచే పని సాకెట్ బ్రాకెట్, కూలర్ చూసుకుంటాయి.

మీ టూల్‌తో తిరిగి బిగించే ఫ్రేమ్ వచ్చి ఉంటే దానిలోనే పెట్టి రాత్రంతా వదిలేయండి. లేకపోతే ప్రాసెసర్‌ను సాకెట్‌లో పెట్టి, మూతను దాని పాత గుర్తుల ప్రకారం ఉంచి, బొటనవేలితో మధ్యలో గట్టిగా అదిమి పట్టుకుని బ్రాకెట్ లివర్ దించండి. లివర్ దించేటప్పుడు మూత ఒక పక్కకు జారాలని చూస్తుంది. అదిమి పట్టిన వేలు అందుకే. తర్వాత సిలికాన్ ఆరడానికి ఒక రోజు ఇవ్వండి. మూత పైన, కూలర్ కింద మామూలు మంచి పేస్ట్ వాడండి, అక్కడ లిక్విడ్ మెటల్ అవసరం లేదు.

మూత అసలే లేకుండా కూలర్‌ను నేరుగా డై మీద బిగించే పద్ధతి కూడా ఉంది. దానికి ప్రత్యేక ఫ్రేమ్ కావాలి, కూలర్ బిగింపు ఎత్తు మార్చాలి, ఒక పక్క కాస్త ఎక్కువ బిగిస్తే డై మూల చిట్లుతుంది. దానితో అదనంగా వచ్చేది కొన్ని డిగ్రీలే. ఇళ్లలో వాడే సిస్టమ్‌కు నేను చేయను.

మొదటిసారి ఆన్ చేశాక బయోస్‌లో కాసేపు టెంపరేచర్ చూడండి, ఆ తర్వాత కాగితం మీద రాసుకున్న అదే టెస్ట్, అదే గది వేడిలో. ఒంగోలు అబ్బాయి చిప్‌లో 97 నుంచి 78కి వచ్చింది. కోర్ల మధ్య తేడా నాలుగైదు డిగ్రీలుంటే బాగున్నట్టే. పదికి మించితే పొర సమంగా లేదు, తీసి మళ్లీ రాయాలి. అసలు ఆన్ కాకపోతే కంగారుపడకండి. సాకెట్ పిన్నులు, కూలర్ మరీ బిగిసిందేమో, ర్యామ్ సరిగా కూర్చుందో, ఇవే ముందు చూడాలి.

సోల్డర్ చిప్ ఉన్నవాళ్లకు

ఇండియం 157 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టూల్‌తో బలంగా నెట్టినా, వేడి చేసినా, డైకి అంటిన ఇండియం దాన్ని లాగి చీల్చే ప్రమాదం ఉంది. 2022లో వచ్చిన రైజెన్ 7000 చిప్‌లలో మూత కాళ్ల మధ్య నుంచి కెపాసిటర్లు బయటికి కనబడుతుంటాయి, మూతను నెడితే అవి ఊడిపోతాయి. ఈ చిప్‌ల మీద డీలిడ్ చేసేవాళ్లున్నారు, వాళ్లకు తగిన పరికరాలున్నాయి. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లు వీటి జోలికి వెళ్లొద్దు.

ఇంటెల్ 12, 13, 14 తరాల్లో సాకెట్ బ్రాకెట్ మధ్యలో మాత్రమే నొక్కడం వల్ల మూత కాస్త వంగుతుంది. దానికి కాంటాక్ట్ ఫ్రేమ్ అని బ్రాకెట్ బదులు బిగించేది దొరుకుతుంది, మూత తీయకుండానే కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది. 13, 14 తరాల్లో పెద్ద చిప్‌లు వోల్టేజ్ సమస్యతో అస్థిరమవుతున్నాయని తేలాక 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ (బయోస్ ద్వారా చిప్‌కు చేరే లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, బాక్స్‌లో అమ్మిన చిప్‌లకు వారంటీని రెండేళ్లు పొడిగించింది. మూత తీశారంటే ఆ వారంటీ పోయినట్టే. ఆ చిప్‌లున్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేసుకుని, పవర్ లిమిట్ తగ్గించుకోవడం ఎంతో మేలు.

క్లాక్ పెంచడం

వేడి తగ్గాక ఆ మిగిలిన జాగాను ఎలా వాడుకోవాలన్నది చివరి పని. చిప్ తినే పవర్ క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌కైతే వర్గం లెక్కన పెరుగుతుంది. 1.20 నుంచి 1.35 వోల్టులకు వెళితే ఆ ఒక్క కారణంగానే పవర్ పావు వంతుకు పైగా పెరుగుతుంది. చల్లగా ఉన్న చిప్‌లో లీకేజ్ తక్కువ కాబట్టి అదే క్లాక్‌కు డీలిడ్ తర్వాత కొన్ని వాట్లు తక్కువే తింటుంది, ఇది అదనపు లాభం.

7700కె బూస్ట్ 4.5 గిగాహెర్ట్జ్. వోల్టేజ్‌ను మాన్యువల్‌లో 1.25 దగ్గర పెట్టి, మల్టిప్లయర్ 47తో (అంటే 4.7 గిగాహెర్ట్జ్‌తో) మొదలుపెట్టండి. సినీబెంచ్ నిలబడితే 48. పడిపోతే వోల్టేజ్ 0.02 పెంచండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో హార్డ్‌వేర్ ఎర్రర్ల వరస సున్నాగా ఉందో చూస్తూ ఉండండి. సిస్టమ్ హ్యాంగ్ కాకపోయినా అక్కడ అంకె పెరిగితే అది స్థిరంగా లేనట్టే. బయోస్‌లో ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ 2 పెట్టుకుంటే ఏవీఎక్స్ అనే భారీ లెక్కల సమయంలో చిప్ తనే క్లాక్ తగ్గించుకుంటుంది. రోజువారీ వాడకానికి 1.35 దాటకండి, ఎంత చల్లగా ఉన్నా సరే. అన్ని చిప్‌లూ 5 గిగాహెర్ట్జ్‌కు రావు, మీది 4.8 దగ్గర ఆగితే అక్కడే ఉంచండి. క్లాక్ పెంచాక ప్రాసెసర్ పక్కనున్న వోల్టేజ్ రెగ్యులేటర్ హీట్ సింకులు కూడా కాలతాయి, కాబట్టి కేబినెట్ వెనక ఫ్యాన్ ఒకటి తప్పకుండా ఉండాలి.

ఇక్కడి వాతావరణానికి బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసుకోండి. గది 36 డిగ్రీలున్న మధ్యాహ్నం పది నిమిషాల టెస్ట్‌లో 85 దాటని సెట్టింగ్ ఒకటి, దాన్ని ఏప్రిల్ నుంచి జులై దాకా వాడండి. రెండోది 100 నుంచి 200 మెగాహెర్ట్జ్ ఎక్కువ, ఈశాన్య వర్షాలు మొదలయ్యాక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ప్రొఫైల్ పేరులోనే వోల్టేజ్ అంకె రాసి పెట్టండి. ఏడాదికోసారి పాత కాగితం తీసి అదే టెస్ట్ మళ్లీ నడిపి చూడండి. ఐదారు డిగ్రీలు పెరిగితే ముందు దుమ్ము, పై పేస్ట్ చూడాలి, అవి రెండూ బాగున్నా తగ్గకపోతేనే మూత మళ్లీ తీయాలి.